శంఖగొడుగు తొలిముద్ద

తొలకరి మేఘం ఉరిమి, కురిసి, తెరిపి ఇచ్చాక నీలాటవి అంతా పచ్చలు పొదిగినట్టు నిగనిగలాడింది. మద్దిమానుల మొదళ్ళ నుంచి ఆవిరి లేచింది. తడిసిన నెమళ్ళు పింఛాలు దులుపుకుంటూ కొమ్మలెక్కాయి. మొగలిపొదల్లోంచి పరిమళం, దాని వెనకే కొండవాగుల హోరు, ఆ హోరును మించి అడవికోళ్ళ కూతలు. ఆకాశాన పోయే గంధర్వులు సైతం విమానం ఆపి, ఒక పూట ఇక్కడ విడిది చేద్దామా అనుకునేంత సొగసుగా ఉంది ఆ వనం.

మల్లభద్రుడికి ఆ సొగసులో వీసమెత్తు కూడా కంటపడలేదు. అతను చూస్తున్నది తన కాలిముందు బురద. ఒక అడుగు తీసి, ఆ కాలు ఎక్కడ పెట్టాలో చూసి, పెట్టి, రెండో కాలు కూడా తీయక తప్పదా అని విచారించి, తీసేవాడు. ఎందుకంటే అతని వీపు మీద శోణగిరి యువరాజు ఉదయసేనుడు ఉన్నాడు. యువరాజుకి నడుము దాకా రాయి.

కథ ఎరిగినవారికి మళ్ళీ చెప్పడం చాదస్తమే. ఎరగనివారి కోసం నాలుగు ముక్కలు. ధూమ్రకంఠుడనే మాంత్రికుడు శోణగిరి కొలువుకి వచ్చి సింహాసనం తనకిమ్మని అడిగాడు. పెద్దలందరూ బిగుసుకుపోయి కూర్చుంటే యువరాజు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వుకి బదులుగా మాంత్రికుడు పిడికెడు బూడిద విసిరాడు. ఆనాటి నుంచి యువరాజు అరికాళ్ళు మొదలుకొని పైకి రాయి పాకుతోంది. అది గుండెని తాకిననాడు శోణగిరికి వారసుడు ఉండడు, శిలావిగ్రహం ఉంటుంది. దీనికి విరుగుడు ఒక్కటేనని ఒక గుహలో ఉండే ముని చెప్పాడు. నీలాటవి నడుమ పుట్టలగుట్ట మీద, తల్లిపుట్ట నెత్తిన, తొలకరి ఉరుముకి ఒకే ఒక్క శంఖగొడుగు లేస్తుంది. ఆ పుట్టగొడుగుని నిప్పుల మీద కాల్చి, ముక్క మిగలకుండా ఒక్కరే తినాలి. సగం తింటే ఫలితం సున్న.

బయలుదేరినప్పుడు ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, డోలీ మోసే బోయీలున్నారు. ధూమ్రకంఠుడి పొగ ఒక్కొక్క మలుపులో ఒక్కొక్కరినీ దారి తప్పించింది. చివరికి మిగిలింది మల్లభద్రుడి వీపు. అతను యువరాజుకి పాలిచ్చిన దాది కొడుకు, వయసులో కాస్త పెద్ద. చిన్ననాటి నుంచి యువరాజు ముందు ఏ వంటకం పెట్టినా మొదటి కబళం అతనే తిని చూసేవాడు. అది అతని కొలువు. కత్తిసాములోనూ దిట్టే, సేనానాయకుడి పదవీ అలాగే దక్కింది. అయితే ఆ కత్తి మొలలో వేలాడుతోందే గాని దూయడానికి వీల్లేదు. మోకాళ్ళు వంచి కూర్చున్నట్టే బిగుసుకుపోయిన ఆ రాతికాళ్ళని రెండు చేతులూ వెనక్కి పెట్టి పట్టుకునే ఉండాలి. రాతికాళ్ళు తమంతట తాము ఎవరినీ పట్టుకోవు మరి.

"అన్నా, ఎడమ పక్కకి ఒరుగుతున్నావు," అన్నాడు యువరాజు వీపు మీద నుంచి.

"ఒరగడం లేదు బాబూ, పడిపోతున్నాను."

"పడితే ముందు చెప్పి పడు. మొన్న చెప్పకుండా పడ్డావు."

"నిన్నటికన్నా బరువెక్కారు తమరు."

"తిండి లేక బరువెక్కినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే ఉంటాను," అని యువరాజు నవ్వబోయాడు గాని, ఆ నవ్వు సగంలో దగ్గయింది.

మల్లభద్రుడికి కోపం రాలేదు, జాలీ కలగలేదు. రెండింటికీ ఓపిక కావాలి. అతనికి కావలసింది ఒక చాప, దాని మీద తన శరీరం, ఆపైన ఎవరూ పిలవకపోవడం.

అటువంటి సమయంలో వాసన వచ్చింది. ఉల్లి వేగిన వాసన, మిరియం వాసన, వాటి నడుమ తొలకరిలో మాత్రమే పుట్టే కమ్మని మట్టివాసన. కాళ్ళు వాటంతట అవే పరుగులాంటిది అందుకున్నాయి. వెదురు తడికల ఇళ్ళు, నడుమ విశాలమైన నేల, మూడు రాళ్ళ పొయ్యి మీద గంగాళమంత కుండ. అది గొడుగులగూడెం. పుట్టలగుట్ట పాదంలో ఉన్న ఊరు అదొక్కటే. పొయ్యి పక్కన రోలు, రోటి ముందు నడుం వంగని ఒక ముసలామె. గూడానికి పెద్ద ఆమే, పేరు పోలవ్వ. కాస్త దూరంలో బండ మీద ఒక బైరాగి కూర్చుని మూతి తుడుచుకుంటున్నాడు.

"రండయ్యా, మంచి యాళకే వచ్చినారు," అంది పోలవ్వ రోకలి ఆపకుండా. "పుట్టగొడుగుల కూర. ఈ బైరాగయ్య బుట్టెడు తెచ్చి పెట్టినాడు. తొలిముద్ద ఆయనే తినేసినాడు. నా రోట్లో సామలు నలిగేదాకా ఓర్చుకోండి. అంతే."

ఆ గూడెం ఆచారం అది. కుండలోకి పుట్టగొడుగు తెచ్చినవాడెవడో వాడే తొలిముద్ద తినాలి. వాడు తిన్నాక పోలవ్వ కుంచెడు సామలు రోట్లో పోసి దంచుతుంది. దానికి రోటిగడువని పేరు. దంపు ముగిసేసరికి తిన్నవాడు నిక్షేపంగా ఉంటే అప్పుడు ఊరు తింటుంది. తాతల నాటి నుంచి ఆ గూడెంలో పుట్టగొడుగు తిని చచ్చినవాడు లేడు, ఆ మాటకొస్తే తొలిముద్ద తప్పించుకున్నవాడూ లేడు.

మల్లభద్రుడు యువరాజుని ఒక దుంగకి ఆనించి కూర్చోబెట్టి, తను పక్కనే కూలబడ్డాడు. దంపుడు చప్పుడు జోలపాటలా ఉంది. కళ్ళు మూతలు పడ్డాయి. తెరిచేసరికి రోకలి గోడకి ఆనించి ఉంది, అతని చేతిలో మోదుగాకు దొప్ప ఉంది, దొప్పలో కూర పొగలు కక్కుతోంది. అతిథులకే మొదటి దొప్పలు; యువరాజు తన దొప్ప పట్టుకుని, అలవాటు కొద్దీ, అన్న తిని చూసేదాకా ఆగాడు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. రెండూ కలిస్తే మనిషి తన పేరు కూడా ఎరగడు. మల్లభద్రుడు ముద్ద కలిపి నోటి దాకా తెచ్చాడు.

కూరలో పడని పుట్టగొడుగులు కొన్ని బైరాగి బుట్టలో ఇంకా ఉన్నాయి. బుట్ట మల్లభద్రుడి మోకాలి పక్కనే ఉంది. అందులో ఒక్కదానికీ వేరు లేదు. కాడలన్నీ కత్తితో సమంగా కోసి ఉన్నాయి.

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

అతని తల్లి ఇలాంటి అడవి అంచున పుట్టిన మనిషి. తొలకరి పడితే కొడుకుని వెంటబెట్టుకుని పుట్టల వెంట తిరిగేది. పుట్టగొడుగుని వేరుతో సహా తవ్వి తీయాలి, కోయకూడదు అనేది. మంచిదాని వేరు పుట్ట లోపలికి మూరెడు పోతుంది. ఊరు తెలిస్తేనే మనిషిని నమ్ముతాం, దీని ఊరు వేరులో ఉంటుందిరా అనేది. చెడ్డదాని మొదట్లో గుడ్డు పెంకు చీలినట్టు ఒక తిత్తి ఉంటుంది. కోసి తెచ్చావంటే తిత్తి మట్టిలోనే ఉండిపోతుంది, చెడ్డదీ మంచిదానిలాగే నవ్వుతుంది. ఇవన్నీ చెప్పి చివర ఒక మాట అనేది: "అనుమానం వస్తే ఆకలితో పడుకో."

బుట్టలోంచి ఒకటి తీసి తిరగేశాడు. అడుగున మడతలు పాలలా తెల్లగా ఉన్నాయి. కాడ చుట్టూ పలచని పొర ఒకటి ఉంగరంలా వేలాడుతోంది.

"తినకండి!" అని అరిచాననుకున్నాడు. గొంతులోంచి గాలే వచ్చింది. గూడెమంతా దొప్పలు పట్టుకుని కుండ చుట్టూ మూగింది. పోలవ్వ గరిటె ముంచింది. మల్లభద్రుడు లేచి, తూలి, రెండు చేతులతో కుండని పట్టి బోర్లించాడు. అరచేతులు చుర్రుమని కాలాయి. కూర బురదలో కలిసిపోయింది.

 గూడెంలో ఉన్న విల్లులన్నీ అతని వైపు తిరిగాయి.

"అన్నం నేలపాలు చేసినావు," అంది పోలవ్వ. "పిల్లలు పొద్దుట్నించీ కాసుకోని ఉండారు. నువ్వు మడిసివేనా?"

"అవ్వా, అది విషం."

"ఇషమైతే ఆ సామి ఎట్టా కూసున్నాడు?"

"నిక్షేపంగా ఉన్నాను తల్లీ," అన్నాడు బైరాగి చిరునవ్వుతో. "ఎవరి పాపాన వారే పోతారు. పరదేశిని క్షమించి వదిలెయ్యండి."

"దీని విషం ఈ పూటకి తెలియదవ్వా," అన్నాడు మల్లభద్రుడు. మాటమాటకీ ఊపిరి తీసుకోవలసి వచ్చింది. "ఇవాళ కమ్మగా ఉంటుంది. రేపు కడుపులో పేగులు తెగుతాయి. ఎల్లుండి తగ్గిపోయిందనిపిస్తుంది, లేచి తిరుగుతారు. ఆ మరునాడు పాడె కట్టాలి. మీ రోటిగడువు దీనికి చాలదు. కాడలు ఎందుకు కోశాడో ఆయన్ని అడుగు."

"బైటోళ్ళకి మా పద్దతులు తెలవవు, కోసుంటాడు. తొలిముద్ద తిన్నాడు గదా అని నేనే ఊరుకున్నా," అంది పోలవ్వ. అయినా ఆమె చూపు ఒకసారి బుట్ట మీదికి పోయి వచ్చింది.

"అయితే ఒక నల్ల గొంగళి ఇప్పించు. ఈ గొడుగు మడతలు కిందికి ఉండేలా దాని మీద బోర్లించి పైన కుండ మూయి. మీ పుట్టగొడుగులు రాల్చే దుమ్ము ఏ రంగో నీకు తెలుసు."

"ఇటికరాయి రంగు. గంపలో గుడ్డ మరకలైతది," అంది పోలవ్వ నెమ్మదిగా.

"ఇది తెల్లదుమ్ము రాలుస్తుంది. రాల్చకపోతే ఆ బాణాలన్నీ నావే."

పోలవ్వ గొంగళి తెప్పించి, చెప్పినట్టే చేసి, కుండ బోర్లించింది. "దుమ్ము రాలేదానికి ఒక జాము పడతది. ఈలోగా నువ్వు ఒలకబోసిన కూడు నువ్వే తేవాల. గుట్టెక్కు. ఆ సామీ ఈడ్నే కూసుంటాడు, కదిలితే ఆయనకీ బాణమే. తెచ్చినాక తొలిముద్ద సంగతి మరవమాక."

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది మల్లభద్రుడికి. అతను ఎక్కవలసిన గుట్టే అది, అయినా ఎక్కమని ఇంకొకరు చెబితే మరింత ఎత్తుగా కనిపించింది. యువరాజుని ఇక్కడే వదిలి వెళ్దామా అన్న ఆశ ఒకటి లోపల తొంగిచూసింది. అంతలో బైరాగి చూపు యువరాజు రాతినడుము మీద నిలవడం, ఆ పెదవుల మీద సంతోషంలాంటిదేదో మెదలడం అతని కంటబడింది.

"ఎక్కండి బాబూ," అని వీపు వంచాడు.

పుట్టలగుట్ట ఎక్కడమంటే ఎర్రమట్టి జారుడుబండ మీద ఎదురీదడమే. మొదటి మలుపులో వాగు పొంగి వచ్చి మోకాళ్ళని కొట్టింది. రాతికాళ్ళ బరువే లంగరై నిలబెట్టింది గనక కొట్టుకుపోలేదు. రెండో మలుపులో పైనుంచి ఒక బండ ఊడి దొర్లుకుంటూ వచ్చింది. మల్లభద్రుడు తప్పుకునే ఓపిక లేక నిలబడిపోయాడు, బండే దయతలచి పక్కనుంచి పోయింది. మూడో మలుపులో పొదల నడుమ బూడిదరంగు పొగ కమ్మి పది దారులు చూపించింది. "కళ్ళు తెరిస్తేగా దారి తప్పడానికి," అని అతను కళ్ళు మూసుకుని, కాలికి ఎటు ఎత్తు తగిలితే అటే నడిచాడు. ఎన్ని దారులు చూపినా పొగకి గుట్టని చదును చేయడం చేతకాదు.

కళ్ళు తెరిచేసరికి తల్లిపుట్ట ఎదురుగా ఉంది. ఏడంతస్తుల గోపురంలా, శిఖరం మీద శిఖరంగా, ఎర్రటి మట్టి కోటలా మనిషి తలని మించి లేచి ఉంది. దాని భుజాల మీద, నెత్తి మీద, అంచు అంచునా వందల కొద్దీ తెల్లగొడుగులు. మధ్యాహ్నపు ఎండకి ముత్యాల పందిరి వేసినట్టు మెరుస్తున్నాయి. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"ఒకే ఒక్కటి లేస్తుందన్నాడు ముని," అన్నాడు యువరాజు.

"ఒకటి పుట్ట లేపింది. తతిమ్మావి ఆ మాంత్రికుడు నాటించాడు," అని నిట్టూర్చాడు మల్లభద్రుడు.

దించడానికి చోటు లేదు. పుట్ట చుట్టూ నేల ఎంత ఏటవాలుగా ఉందంటే, యువరాజుని దించితే గూడెం దాకా దొర్లిపోతాడు. మల్లభద్రుడు పుట్టకి రొమ్ము ఆనించి, కాళ్ళు మట్టిలో పాతుకుని నిలబడ్డాడు. చేతులు ఖాళీగా లేవు. యువరాజు చేతులు ఖాళీగానే ఉన్నాయి.

"మా వంటశాలలో వెండి గరిటెతో చూస్తారు, నల్లబడితే విషం," అని యువరాజు తన వెండి ఉంగరం తీసి నాలుగైదు గొడుగులకి తాకించాడు. ఉంగరం తెల్లగానే ఉంది. "అన్నీ మంచివే!"

"వెండికేం తెలుసు బాబూ. వంటశాలలో మీ ఉంగరాన్ని నమ్ముకుంటే నన్నెందుకు పెట్టుకున్నారు?"

"దీన్ని నత్త తింటోంది. నత్త తిన్నది మనం తినకూడదా?"

"నత్త కడుపు నత్తది. నేను చెప్పినట్టు చెయ్యండి. పీకకండి, పక్కనుంచి మట్టి తీయండి. కాడకి ఉంగరం ఉందా?"

"ఉంది."

"వదిలెయ్యండి. తరవాతది?"

"ఉంగరం లేదు. మొదట్లో చినిగిన తిత్తిలాంటిది ఉంది."

"దండం పెట్టి వదిలెయ్యండి."

అలా ఒక్కొక్కటే. యువరాజు గోళ్ళతో తవ్వడం, చూసింది చెప్పడం. మల్లభద్రుడు వద్దనడం. కొన్నిటికి తిత్తి లేదు గాని వేరు వేలెడు లోతులో పుచ్చిన కర్రముక్క దగ్గర ఆగిపోయింది. కొన్ని విరిస్తే పచ్చబడ్డాయి. ఎండ పశ్చిమానికి తిరిగింది. యువరాజు ఊపిరి పొట్టిదవుతూ వచ్చింది. రాయి పక్కటెముకల్లోకి ఎక్కుతోందని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

"అన్నా, నెత్తిమీద, బొరియ పక్కన ఒకటుంది. మొన శంఖంలా సూదిగా ఉంది. ఉంగరం లేదు. తవ్వుతున్నాను... వేరు లోపలికి పోతోంది. ఇంకా పోతోంది. చెదలు కూడా..."

మాట ఆగిపోయింది. బొరియలోంచి నల్లత్రాచు ఒకటి లేచి, యువరాజు చేతికీ మల్లభద్రుడి ముఖానికీ నడుమ పడగ విప్పింది. ఆ పడగ నీడ అతని ముక్కు మీద పడింది. కత్తి దూద్దామంటే చేతులు లేవు. చేతులు వదిలితే యువరాజు లేడు. కదలకుండా నిలబడటం తప్ప చేయగలిగింది లేదు. అయితే చాలా రోజుల తరవాత మల్లభద్రుడికి కదలకుండా నిలబడే అవకాశం దొరికింది. పుట్ట వెచ్చగా ఉంది. రెప్పలు బరువెక్కాయి. ఎదుట కాలసర్పం బుసకొడుతుండగా కునికిపాట్లు పడ్డ వీరుడు భూమండలం మీద అతనొక్కడే. తన వంక చూడనైనా చూడక గుర్రుపెడుతున్న ఈ ప్రాణితో తగువేమిటనుకుందో ఏమో, పాము పడగ ముడిచి ఇంకో బొరియలోకి జారుకుంది.

"అన్నా! అన్నా, లే! వచ్చేసింది!"

కళ్ళు తెరిచేసరికి యువరాజు చేతిలో శంఖగొడుగు ఉంది. తెల్లటి మొన, తిత్తి లేని మొదలు, మూరెడు వేరు. అన్నీ తల్లి చెప్పినట్టే ఉన్నాయి. ఒక్కటి తప్ప. కాడ నడుమ గోరుతో గీసినట్టు సన్నని మచ్చ ఒకటి ఉంది. అది యువరాజు గోరు తగిలిందా, ఊడిపోయిన ఉంగరపు పొర మచ్చా? ఎంత చూసినా తేలలేదు. అనుమానం వస్తే ఆకలితో పడుకోవాలి. ఇక్కడ పడుకుంటే యువరాజు లేవడు. సరే, తొలిముద్ద నాదేగా, నేను కొరికి చూస్తాను, నాకేమీ కాకపోతే మిగతాది... అని లెక్క వేసుకుంటూ దిగాడు. ముని మాట గుర్తొచ్చింది. ముక్క తగ్గినా ఫలితం సున్న. ఆ లెక్క అక్కడే తెగిపోయింది.

గూడెం చేరేసరికి పొద్దు వాలింది. బైరాగి బండ మీదే ఉన్నాడు. పోలవ్వ కుండ ఎత్తి, గొంగళి మీద గొడుగుని పక్కకి తీసింది. నల్లటి గొంగళి మీద తెల్లటి గీతలు, బండిచక్రం ఆకుల్లా, ముగ్గుపిండితో దిద్దినట్టు ఉన్నాయి. పోలవ్వ వేలితో తాకి చూసుకుంది.

"నా చేత్తో నా పిల్లలకి వడ్డించబోయినాను," అని నేలమీద కూర్చుండిపోయింది.

బాణాలు బైరాగి వైపు తిరిగాయి. అతను పకపకా నవ్వాడు. కాషాయం జారిపోయింది, జడలు పొగలై లేచాయి. మల్లభద్రుడికి ఆ గొంతు ఇప్పుడు తెలిసింది. ధూమ్రకంఠుడు!

"నా నెత్తురే విషం, నాకు విషమేమిటి? ఈ గూడెం పోతే గుట్ట నాదయ్యేది. పోనీ, ఒక్క గొడుగు తెచ్చావు, ఒక్క ముద్ద! మీ ఆచారం ప్రకారం తెచ్చినవాడే తినాలి. తిను మల్లభద్రా. నీ యువరాజు చూస్తూ రాయైపోతాడు!" అంటూ అతను పొగై లోయ వైపు జారిపోయాడు. బాణాలన్నీ గాలినే కొట్టాయి.

మల్లభద్రుడు పోలవ్వ కాళ్ళ దగ్గర మోకరిల్లాడు. "అవ్వా, ఈ ఒక్కసారికి ఆచారం పక్కన పెట్టు."

"ఇయ్యాలే మోసపోయినాం, ఇయ్యాలే పక్కన పెట్టమంటావా? తొలిముద్ద దాటి ఈ నేలమీద ఎవ్వరి నోట్లోకీ గొడుగు పోనీను," అంది ఆమె. కసిరినట్టు లేదు ఆ మాట, ఏడ్చినట్టుంది.

"అవ్వా," అన్నాడు దుంగకి ఆని ఉన్న యువరాజు. ఊపిరి అందక ఆగి ఆగి మాట్లాడాడు. "తెచ్చినవాడంటే ఎవరు మీ గూడెంలో? మోసినవాడా, పుట్టలో చెయ్యి పెట్టినవాడా?"

పోలవ్వ తల ఎత్తింది. లేచి వచ్చి మల్లభద్రుడి చేతులు తిప్పి చూసింది. కాలిన బొబ్బలున్నాయి గాని గోళ్ళలో మట్టి లేదు. యువరాజు చేతులు చూసింది. పది గోళ్ళలోనూ పుట్ట ఎర్రమట్టి గట్టకట్టి ఉంది.

"పుట్టలో చెయ్యి పెట్టినోడే తెచ్చినోడు," అంది ఆమె. "మోసింది గంప. గంపకి ముద్ద పెడతామా ఏంది?"

అలా శోణగిరి సేనానాయకుడు గంపయ్యాడు. అతనికి అవమానం తోచలేదు. గుండెల్లో రాయి పడింది. ఇన్నేళ్ళుగా ఈ కుర్రవాడి నోటికి ఏది పోయినా ముందు తన నోటి మీదుగా పోయింది. మొదటిసారి అలా కుదరదు. మంచిదైతే సరే. కాకపోతే తన మాట నమ్మి, తన ఎదుటే, తనకంటే ముందు తింటాడు. మల్లభద్రుడికి భయం వేసింది. యుద్ధాల్లో వేయని భయం.

"అనుమానం ఉంది బాబూ," అన్నాడు గొడుగుని నిప్పుల మీద తిప్పుతూ.

"ఎంత?"

"ఆవగింజంత."

"నా ఊపిరీ అంతే ఉంది. ఇలా తే."

యువరాజు తిన్నాడు. ముక్క మిగల్చలేదు. పోలవ్వ కుంచెడు సామలు రోట్లో పోసి రోకలి ఎత్తింది.

దంపు మొదలైంది. మల్లభద్రుడు ఆ రాతికాళ్ళని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రాయి చల్లగా ఉంది. రోకలి లేచింది, పడింది. నిద్ర వచ్చి నిలబడితే పొమ్మన్నాడు. సామలు నలిగాయి, పొట్టు ఎగిరింది. రాయి చల్లగానే ఉంది. యువరాజు కళ్ళు మూసుకున్నాడు. రోట్లో ఇక దంచడానికేమీ లేదని చప్పుడే చెబుతోంది. పోలవ్వ ఒక్కసారి వాళ్ళిద్దరి వంకా చూసి, ఇంకో కుంచెడు సామలు తెచ్చి రోట్లో పోసింది. తాతల నాటి నుంచీ ఎవరూ చేయని పని అది. మళ్ళీ దంచడం మొదలుపెట్టింది.

"అన్నా," అన్నాడు యువరాజు కళ్ళు తెరవకుండానే.

"చెప్పు నాయనా."

"కాలు తిమ్మిరెక్కింది."

మల్లభద్రుడు తను పొరబాటున విన్నాననుకున్నాడు. మళ్ళీ అడిగి చెప్పించుకున్నాడు. ఆ కాలి బొటనవేలు అతని అరచేతిలో, బొబ్బ మీద, చిన్నగా కదిలింది. అప్పుడు ఆ మహావీరుడు గూడెమంతా చూస్తుండగా ఆ పాదం మీద ముఖం పెట్టుకుని భోరుమని ఏడ్చాడు. పోలవ్వ రోకలి వదిలేసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఏడవడానికైనా తీరిక ఇవ్వలేదు ధూమ్రకంఠుడు. లోయలో కొమ్ముబూర మోగింది. పొగలోంచి పొగగుర్రాలు, వాటి మీద బూడిదరంగు రౌతులు, చెట్లని తొక్కుకుంటూ గూడెం వైపు ఎక్కి వస్తున్నారు. గూడెం విల్లులు అందుకుంది.

"ఆ ఈతచెట్ల సందునుంచి పోండి, ఏటిగట్టుకి దారుండాది. మేం కాసేపు నిలబెడతాం," అని అరిచింది పోలవ్వ.

"నడవగలరా బాబూ?"

"తిమ్మిరి వదలాలి కదా," అన్నాడు యువరాజు కాస్త సిగ్గుపడుతూ.

మల్లభద్రుడు ఆకాశం వంక చూశాడు, నేల వంక చూశాడు, ఆ రెంటి నడుమ ఎక్కడా చాప కనపడలేదు. పెద్దగా నిట్టూర్చి వీపు వంచాడు. యువరాజు ఎక్కాడు. అలవాటు కొద్దీ మల్లభద్రుడు చేతులు వెనక్కి పెట్టాడు, పట్టుకోవడానికి. అక్కరలేకపోయింది. వెచ్చటి కాళ్ళు రెండూ వచ్చి అతని నడుముని గట్టిగా కరుచుకున్నాయి.

ఖాళీగా మిగిలిన తన రెండు చేతుల వంకా అతను ఒక క్షణం వింతగా చూసుకున్నాడు. తరవాత ఈతచెట్ల వైపు పరుగెత్తుతూ, చాలాకాలానికి, కత్తి దూశాడు.